క్రిస్మస్ చెట్టు మీది నల్ల పురుగులు
(వృక్షాలపై జీవించే పెద్ద పేనుబంకల కథ)

కొన్నేళ్ళ క్రిందట డిసెంబరు మాసంలో ఒక శనివారం ఉదయం మా మిత్రుని ఇంటి నుండి ఫోను వచ్చింది. మాట్లాడినది ఆయన భార్య. "అన్నయ్యగారూ, క్రిస్మస్ చెట్టు మీద నుండి పిడుదులు రాలుతున్నాయి. తివాచీ నిండా పాకుతున్నాయి. చంటిది అక్కడే దోగాడుతోంది. ఈయనేమో పురుగుల మందు చల్లుతానంటున్నారు. చల్లమంటారా, వద్దంటారా?" అని ఆమె ఆదుర్దాగా అడిగారు. తోటి పిల్లల ఇళ్ళలో ఉన్న చెట్టు తమ ఇంట్లోనూ ఉండాలని పెద్దమ్మాయి పట్టుపట్టడంతో, ఆ యేడు తొలిసారిగా వారు నిజమైన ఫర్ చెట్టును కొని తెచ్చి ముందుగదిలో నిలబెట్టారు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో పిల్లలను పెంచే తల్లిదండ్రులకు పిడుదు అంటే భయం ఉండడం సహజం. జింకలను ఆశ్రయించే పిడుదు వలన లైమ్ వ్యాధి వస్తుందని బడిలోనూ, వైద్యుల వద్దనూ తరచుగా హెచ్చరిస్తారు. నేను ఒకప్పుడు వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక, ఇటువంటి ప్రశ్నలు నా వరకు రావడం పరిపాటి. "మందు చల్లవద్దు. పాపను వేరే గదిలో ఉంచండి. ఒక పురుగును గాజుగ్లాసు క్రింద మూసి, పెద్దమ్మాయి చేత దాని కాళ్ళు లెక్కపెట్టించండి" అన్నాను. కొద్ది నిమిషాలకు ఆ అమ్మాయే ఫోను చేసింది. "మామయ్యా, ఆరు కాళ్ళు. తల మీద రెండు సన్నని మీసాలు కూడా ఉన్నాయి."

ఆ ఒక్క సమాధానంతో సందేహం తీరిపోయింది. పిడుదు సాలీడు వర్గానికి చెందిన ప్రాణి. ఎదిగిన పిడుదుకు ఎనిమిది కాళ్ళుంటాయి. స్పర్శశృంగాలు, అనగా మనం మీసాలనే అవయవాలు, ఏ దశలోనూ ఉండవు. ఆరు కాళ్ళు, రెండు స్పర్శశృంగాలు ఉన్నది కీటకం. ఫర్, పైన్, స్ప్రూస్ చెట్ల కొమ్మల మీద గుంపుగా నివసించే ఆ నల్లని కీటకం పేరు సినారా. అది మనుషులను కుట్టదు. ఏ వ్యాధినీ మోసుకురాదు. ఆనాడు ఫోనులో చెప్పిన నాలుగు ముక్కలనే కొంత విస్తరించి ఈ వ్యాసంగా పాఠకుల ముందుంచుతున్నాను.

పేరులోనే ఉన్న శాస్త్రం

ఆంగ్లంలో ఎఫిడ్ అని పిలిచే కీటకాన్ని తెలుగు రైతు పేనుబంక అంటాడు. వేరుశనగ, ప్రత్తి, చిక్కుడు, మిరప పండించిన కుటుంబాల నుండి వచ్చిన పాఠకులకు ఈ మాట క్రొత్త కాదు. ఇందులో రెండు ముక్కలున్నాయి. పేనువలె ఒంటిని పట్టుకొని రసం పీల్చేది గనుక పేను. ఆకుల మీద జిగురును విడుస్తుంది గనుక బంక. ప్రాణినీ, అది చేసే పనినీ కలిపి చెప్పిన ఈ పేరును పెట్టినవారు సూక్ష్మదర్శినిని చూసి ఉండకపోవచ్చు గానీ, పొలాన్ని మాత్రం నిశితంగా చూశారు.

ప్రపంచంలో సుమారు 5,000 జాతుల పేనుబంకలున్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని అనేక ఉపకుటుంబాలుగా విభజించారు. మన ప్రత్తి, వేరుశనగ చేలను పట్టేవి ఎఫిడినే అనే ఉపకుటుంబానివి. క్రిస్మస్ చెట్టు మీద కనిపించినది లాక్నినే అనే మరొక ఉపకుటుంబానిది. ఇందులో సుమారు 400 జాతులు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా సినారా అనే ఒక్క ప్రజాతికే చెందుతాయి. ఇవి ముఖ్యంగా ఉత్తరార్ధగోళపు చల్లని అడవులకు చెందిన కీటకాలు. శంకువులు కాచే సూదిఆకుల చెట్లు వీటికి ప్రధాన నివాసం. ఓక్, విల్లో, పీచ్ వంటి వెడల్పాటి ఆకుల చెట్ల మీద కొన్ని జాతులు బ్రతుకుతాయి. ట్రామా అనే చిన్న తెగ మాత్రం చెట్లను విడిచి, చేమంతి కుటుంబపు మొక్కల వేళ్ళపై భూమిలో జీవిస్తుంది.

సాధారణ పేనుబంక పొడవు 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. లాక్నినే జాతులలో కొన్ని 5 మిల్లీమీటర్లను మించుతాయి. లేత చిగుళ్ళను గాక చెట్టు బెరడును, కొమ్మలను, కొన్నిచోట్ల వేళ్ళను ఆశ్రయించడం వీటిలో అధికభాగానికి అలవాటు. తక్కిన పేనుబంకలకు వీపు చివర రెండు సన్నని గొట్టాలు కనిపిస్తే, వీటికి వాటి స్థానంలో రోమాలతో కూడిన పొట్టి గుబ్బలు ఉంటాయి. అంతేకాక, కొన్ని పేనుబంకలు వేసవిలో ఒక మొక్క మీద, శీతాకాలంలో మరొక మొక్క మీద కాపురం చేస్తాయి. లాక్నినేలు అలా మకాం మార్చవు. పుట్టిన చెట్టు జాతి మీదనే సంవత్సరమంతా గడుపుతాయి. ఈ లక్షణాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి; మన ముందుగది సమస్యకు పరిష్కారం ఇందులోనే ఉన్నది.

తండ్రి లేని తరాలు

శరదృతువు చివర ఆడ సినారా సూదిఆకుల మీద వరుసగా గుడ్లు పెడుతుంది. నల్లపూసలు గ్రుచ్చినట్లుండే ఆ గుడ్లు మంచులోనూ చెడిపోక వసంతం వరకు నిలుస్తాయి. వసంతంలో వాటి నుండి వెలువడేవన్నీ ఆడపిల్లలే. ఇవి ఎదిగి, మగదానితో నిమిత్తం లేకుండా, గుడ్లు పెట్టకుండా, నేరుగా పిల్లలను కంటాయి. ఆ పిల్లలు కూడా ఆడవే. దీనిని అనిషేక జననం అంటారు.

ఈ విషయాన్ని తొలిసారిగా ప్రయోగపూర్వకంగా నిరూపించినవాడు జెనీవా నగరవాసి షార్ల్ బోనే. 1740లో, తన 20వ యేట, అప్పుడే పుట్టిన ఒక పేనుబంకను ఒంటరిగా గాజుపాత్ర క్రింద ఉంచి ప్రతిదినమూ కాపలా కాశాడు. మగదాని పొడయైనా సోకని ఆ కీటకం 95 పిల్లలను కన్నది. సంతానానికి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండి తీరాలనుకొన్న ఆనాటి విద్వాంసులకు ఇది పెద్ద ఆశ్చర్యం.

ఇంతకన్నా వింత మరొకటి ఉన్నది. తల్లి కడుపులో ఉన్న పిల్లలోనే దాని పిల్లల పిండాలు ఎదగడం మొదలవుతుంది. అమ్మ, కూతురు, మనుమరాలు ఒకే దేహంలో ఏకకాలంలో ఉంటారన్నమాట. తరానికి తరానికి మధ్య వ్యవధి ఇంతగా కుదించుకుపోవడం వల్లనే, నిన్న నాలుగు కనిపించిన కొమ్మ మీద కొద్దివారాలకు నాలుగు వందలు కనిపిస్తాయి.

వేసవి గడచి పగటికాలం తగ్గగానే పరిస్థితి మారుతుంది. ఆడదానిలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. తల్లి వాటిలో ఒకదానిని విడిచిపెట్టి కన్న పిల్ల మగదవుతుంది. మగవాటిలో ఎక్స్ క్రోమోజోము కలిగిన శుక్రకణాలు మాత్రమే నిలుస్తాయి గనుక, సంయోగం వలన కలిగిన గుడ్లన్నీ తిరిగి ఆడపిల్లలనే ఇస్తాయి. చలికి తట్టుకొనే గుడ్డు కోసమే ఏడాదికి ఒక్కసారి మగవాని అవసరం కలుగుతుందని చెప్పవచ్చు.

విల్లో చెట్లను ఆశ్రయించే ట్యూబరోలాక్నస్ సాలిగ్నస్ ఆ ఒక్క అవసరాన్ని కూడా వదులుకున్నది. 5 మిల్లీమీటర్లు దాటే ఈ కీటకం వీపు మీద గులాబిముల్లు వంటి బుడిపె ఉంటుంది. ఈ జాతిలో మగవాటిని ఇంతవరకు ఎవరూ కనుగొనలేదు. తరతరాలుగా తల్లులు తమ వంటి కుమార్తెలనే కంటూ ఖండఖండాంతరాలకు వ్యాపించారు. ఇంగ్లండులో వేసవి మొదలు చలికాలం మధ్య వరకు విల్లో కొమ్మలను నల్లగా కప్పివేసే ఈ గుంపులు వసంతంలో కంటికి కనిపించకుండా పోతాయి. అవి ఎక్కడ తలదాచుకుంటాయో ఇంకా తేలలేదు.

చక్కెరనీటి మీద బ్రతుకు

చెట్టులో రెండు రకాల నాళాలుంటాయి. వేళ్ళ నుండి నీటిని పైకి తీసుకుపోయేది దారువు. ఆకులలో తయారైన చక్కెరను తక్కిన భాగాలకు అందించేది పోషక కణజాలం. పేనుబంక ముఖంలో వెంట్రుకకన్నా సన్నని సూదులు ఉంటాయి. వాటిని కణాల నడుమ సందులగుండా పోనిచ్చి పోషకనాళాన్ని చేరుతుంది. నాళంలోని ద్రవం ఒత్తిడితో ఉంటుంది గనుక అది తానుగా పైకి వస్తుంది; కీటకం అంతగా శ్రమించి పీల్చవలసిన పని లేదు.

ఈ సంగతి వృక్షశాస్త్రానికి గొప్ప ఉపకారం చేసింది. పోషకనాళంలోని రసాన్ని కల్తీ లేకుండా సేకరించడం మనిషి తయారుచేసిన సూదులకు సాధ్యం కాలేదు. 1953లో ఇంగ్లండులో కెనడీ, మిట్లర్ అనే శాస్త్రజ్ఞులు, పైన చెప్పిన విల్లో పేనుబంక రసం త్రాగుతుండగా దాని ముఖసూదులను కోసి, కీటకాన్ని తొలగించారు. చెట్టులో నిలిచిపోయిన ఆ సూదిమొన నుండి రసం బొట్లుబొట్లుగా కారుతూనే ఉన్నది. ఆ బొట్లను పరీక్షించి చెట్టు తన ఆహారాన్ని ఎలా పంచుకుంటుందో తెలుసుకోగలిగారు.

అయితే ఈ రసంతో రెండు చిక్కులున్నాయి. మొదటిది, చక్కెర మితిమీరి ఉండడం. మామిడికాయ ముక్కలపై ఉప్పు చల్లితే ముక్కలోని నీరు ఊటగా బయటికి వస్తుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కడుపులో అంత చిక్కని చక్కెర ఉంటే కీటకం ఒంటిలోని నీరు కూడా అలాగే కడుపులోనికి లాగబడాలి. దీనిని నివారించడానికి అది చిన్న చక్కెర అణువులను గుచ్చి పెద్ద అణువులుగా చేస్తుంది. ఎక్కువ చిన్న అణువులకు బదులు తక్కువ పెద్ద అణువులు ఉంటే నీటిని లాగే శక్తి తగ్గుతుంది. మిగిలిన తీపినంతా బొట్లుగా వెనుకకు విడుస్తుంది. మన రైతు చెప్పే బంక ఇదే. మామిడిపూత మీద దీపపు పురుగులు విడిచే ఇటువంటి తీపి జిగురునే మనవారు తేనెమంచు అంటారు. ఈ జిగురు మీద నల్లని బూజు పెరిగి ఆకులకు మసి పూసినట్లు అవుతుంది.

రెండవ చిక్కు, మాంసకృత్తులకు అవసరమైన అమైనో ఆమ్లాలు ఈ రసంలో చాలకపోవడం. ఒక్క చక్కెరనీళ్ళతో ఏ బిడ్డా పెరగదు. ఆ లోటును తీర్చేది బుక్నెరా అనే బాక్టీరియా. పేనుబంక శరీరంలో ప్రత్యేకమైన కణాలలో నివసిస్తూ, తల్లి నుండి పిండానికి సంక్రమిస్తూ, కావలసిన అమైనో ఆమ్లాలను తయారుచేసి ఇస్తుంది. ఈ సహజీవనం పది కోట్ల సంవత్సరాలకు పైబడినది. ఇంతకాలం పరుల ఇంట భద్రంగా ఉండడం వల్ల, ఒంటరిగా బ్రతకడానికి కావలసిన జన్యువులను బుక్నెరా ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నది. మన ప్రేగులలో ఉండే ఇ. కోలై జన్యుపదార్థంలో సుమారు 46 లక్షల అక్షరాలుంటే, సీడార్ చెట్లపై జీవించే సినారా సీడ్రైలోని బుక్నెరాకు దాదాపు 4 లక్షల 20 వేలు మాత్రమే మిగిలాయి. స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2006లో ఈ విషయాన్ని ప్రకటించారు.

ఇంత పేదరాలైన బుక్నెరా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని పూర్తిగా చేయలేదు. మొదటి మెట్టు వరకు చేసి ఆగిపోతుంది. అదే కీటకంలో నివసించే సెరేషియా అనే రెండవ బాక్టీరియా ఆ సగం పనిని అందుకొని పూర్తిచేస్తుంది. తయారైనది ముగ్గురికీ అందుతుంది. ఒకరు పిండి రుబ్బితే, ఒకరు అట్టు పోస్తే, ఇల్లంతా తిన్నట్లు! కొమ్మ మీద ఒక్క పురుగు కనిపించినా, అందులో ఉన్నది మూడు ప్రాణుల ఉమ్మడి కుటుంబమని గ్రహించాలి.

చీమలు, తేనెటీగలు

తీపి ఉన్నచోట చీమ ఉండడం లోకసహజం. ఐరోపా అడవులలోని ఎర్ర చీమలు సినారా గుంపుల చుట్టూ కాపలా తిరుగుతాయి. స్పర్శశృంగాలతో వాటిని మెల్లగా తట్టి, వెలువడిన బొట్టును అందుకుంటాయి. ప్రతిఫలంగా అక్షింతల పురుగులను, ఇతర శత్రువులను తరిమివేస్తాయి. పశువును మేపి పాలు పితికే కాపరితో చీమను పోల్చడం ఇందువల్లనే. ఓక్ మొదలైన చెట్ల బెరడు పగుళ్ళలో నివసించే స్టోమాఫిస్ జాతులకు ఈ కాపలా మరీ ముఖ్యం. దళసరి బెరడును దాటి పోషకనాళాన్ని అందుకోవడానికి వాటి తొండం శరీరం కన్నా పొడవుగా పెరిగింది. అంత తొండాన్ని బెరడు నుండి బయటికి లాగుకోవడానికి సమయం పడుతుంది. శత్రువు వస్తే పరుగెత్తడం కుదరదు.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్టులో ఫర్ చెట్ల మీది సినారా విడిచిన తీపిని తేనెటీగలు సేకరించి ముదురురంగు తేనెగా మారుస్తాయి. పువ్వులతో సంబంధం లేని ఆ తేనెకు అక్కడ మంచి గిరాకీ ఉన్నది. అన్నిచోట్లా ఇది లాభం కాదు. ఈ బంకలో మెలిజిటోజ్ అనే చక్కెర అధికంగా ఉన్నప్పుడు తేనె పట్టులోనే రాయిలా గడ్డకడుతుంది. 2013లో విల్లో పేనుబంక న్యూజిలాండును చేరిన తరువాత అక్కడి తేనెటీగల పెంపకందారులు ఈ ఇబ్బందినే ఎదుర్కొన్నారు.

ఆఫ్రికా అడవులకు వచ్చిన ముప్పు

తన స్వస్థలంలో సినారా చెట్టును చంపడం అరుదు. చెట్టు, పురుగు, పురుగును తినే ప్రాణులు చిరకాలంగా ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. ఆ కట్టు తెగితే ఏమవుతుందో 1986లో మలావీ దేశంలో బయటపడింది. సైప్రస్ చెట్లపై బ్రతికే ఒక సినారా జాతి మనుషుల రాకపోకల వెంట అక్కడికి చేరింది. దాని శత్రువులు వెంట రాలేదు. కొద్ది సంవత్సరాలలో కెన్యా వరకు, తూర్పు, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలలో అది పాకిపోయింది. ఈ కీటకపు లాలాజలం చెట్టుకు విషంవలె పనిచేసి కొమ్మలను ఎండగొడుతుంది. కలప కోసం నాటిన సైప్రస్ తోటలు, స్థానిక జూనిపర్ చెట్లు, మలావీ జాతీయ వృక్షమైన ములాంజే సీడార్ కూడా దెబ్బతిన్నాయి. చెట్లు చావడం వల్లనూ, పెరుగుదల కుంటుపడడం వల్లనూ భారీ నష్టం కలిగిందని అంచనా కట్టారు. ఆ శతాబ్దం ముగిసేలోగా తెలుగువారికి చిరపరిచితమైన మారిషస్ దీవికి కూడా ఈ పురుగు చేరింది.

కొండల మీది అడవి అంతటికీ మందు చల్లడం అసాధ్యం. చల్లితే వాగులలోని నీరు పాడవుతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు కీటకం పుట్టినచోట దాని శత్రువును వెదికారు. పౌసియా జునిపెరోరమ్ అనే చిన్న కందిరీగ సినారా శరీరంలో గుడ్డు పెడుతుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్ల లోపలి భాగాన్నంతా తిని, ఎండిన గుల్లను చీల్చుకొని బయటికి వస్తుంది. ఇతర కీటకాల జోలికి పోదని పరీక్షించిన మీదట దీనిని 1994లో మలావీలో విడిచారు. న్యూజిలాండులో విల్లో పేనుబంక మీద 2020లో ఇదే ప్రజాతికి చెందిన మరొక కందిరీగను విడిచారు. తెగిన కట్టును తిరిగి కట్టడమే ఈ పద్ధతిలోని మూలసూత్రం.

ముందుగదిలో చేయవలసినది

ఇక మన క్రిస్మస్ చెట్టు వద్దకు వద్దాము. చలిలో మందకొడిగా ఉన్న పురుగులు గానీ, సూదిఆకుల మీది గుడ్లు గానీ ఇంటి వెచ్చదనానికి వసంతం వచ్చిందని భ్రమపడి కదలడం మొదలుపెడతాయి. కొట్టిన చెట్టు నానాటికి ఎండిపోతుంది గనుక రసం దొరకక క్రిందికి దిగుతాయి. ఇంట్లోని తులసికుండీ, కరివేపాకు మొక్క వాటికి పనికిరావు. తమ చెట్టు జాతిని విడిచి బ్రతకలేని ప్రాణులివని ముందే చెప్పుకున్నాము. కొద్దిరోజులలో అవే ఎండి చనిపోతాయి.

కాబట్టి మందు అక్కరలేదు. పసిబిడ్డలు పాకే నేల మీద విషం చల్లడం పురుగు కన్నా ఎక్కువ ప్రమాదం. విద్యుద్దీపాలు వెలిగే ఎండుచెట్టు మీద మండే స్వభావం గల స్ప్రే కొట్టడం అంతకన్నా అనర్థం. పురుగులను కాలితో నలపరాదు; ఊదారంగు మరక తివాచీ మీద నిలిచిపోతుంది. వాక్యూమ్ క్లీనరుతో తీసివేసి, ఆ సంచిని బయట పారవేస్తే చాలు. వచ్చే యేడు చెట్టు కొనేటప్పుడు కొమ్మలను పరిశీలించి, ఆరుబయట గట్టిగా దులిపించి ఇంట్లోకి తెచ్చుకోవాలి.

ఆనాడు మా మిత్రుని ఇంట్లో అలాగే చేశారు. చెట్టు పండుగ వరకు నిలిచింది. చంటిపాప మరునాడే తివాచీ మీదికి వచ్చింది. పెద్దమ్మాయి మాత్రం గ్లాసు క్రింది పురుగును పారవేయనివ్వలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి గ్లాసు చుట్టూ అందరూ కూర్చొని ఉన్నారు. ఒక్కటి ఉన్న గ్లాసులో మూడు ఉన్నాయి. "మామయ్యా, ఇది పిల్లల్ని కన్నది. నాన్నపురుగు ఏది?" అని ఆ అమ్మాయి అడిగింది. బోనే 20వ యేట చూసినదానిని ఆమె తొమ్మిదవ యేట తన ఇంట్లోనే చూసింది. పిల్లలు అటువంటి ప్రశ్న వేసినప్పుడు మన చేతిలో ఉండవలసినది మందుడబ్బా కాదు, ఒక భూతద్దం.